తలుపు వైపు తిరిగిన కుట్టుమిషన్

మా బావ కుట్టిన ప్యాంటు వేసుకుని ఆఫీసులో ఒక వీడ్కోలు సభకి వెళ్ళాను. మాట్లాడటానికి లేవగానే ముందు వరసలో వాళ్ళు నా మొహం వదిలేసి కిందికి చూడటం మొదలుపెట్టారు. జిప్పు కుట్టు నడుము దగ్గర మధ్యలోనే బయల్దేరింది కానీ, దారిలో మనసు మార్చుకుని ఎడమ తొడకి చుట్టపుచూపుగా వెళ్ళింది. మర్నాడు మా గుమాస్తా, కాలు బెణికిందా సార్, ఓ పక్కకి ఒరిగి నిలబడ్డారు అని పరామర్శించాడు.

బావ అంటే మా పెద్దమ్మ కూతురి భర్త. స్కేలు పెట్టి చూసుకోదగ్గ కుట్టు వేసే దర్జీ. అలాంటి చేతికి ఏమొచ్చిందో కనుక్కుని, నాలుగు చీవాట్లు కూడా పెట్టి వద్దామని కొట్టుకి వెళ్ళాను.

ఆ కొట్టు రైలుపెట్టెలా పొడుగ్గా ఉంటుంది. వీధి వైపు తలుపు, దానికో షట్టరు, వెనక గోడకి పెద్ద కిటికీ. ఏళ్ళ తరబడి బావ వీధికి వీపు పెట్టి, కిటికీకి ఎదురుగా కూర్చుని కుట్టాడు. వెలుతురు తిన్నగా సూది మీద పడేది. ఇప్పుడు మిషన్ని తలుపు వైపు తిప్పేశాడు. కిటికీ వెలుతురంతా ఆయన వీపుకి, ఆయన నీడంతా సూదికి. కుట్టు వంకర పోక ఏం చేస్తుంది?

కారణం అక్క చెప్పింది. స్కూటర్లు రాసుకున్నాయని కొట్టు ముందు ఎవరో ఇద్దరు మాటామాటా అనుకున్నారు. రోజూ వినేవే కదా అని బావ తలెత్తలేదు. వాళ్ళలో ఒకడు తల పగిలి, తూలుతూ లోపలికొచ్చి ఆయన వీపు మీద పడ్డాడు. వెచ్చగా తడి తగిలితే, అక్క టీ ఒలికించిందనుకుని, చూసుకోవద్దూ అని కసిరాడట. ఆ మనిషి బతికాడు. బావ మీద ఎవరూ చెయ్యి చేసుకోలేదు. కానీ ఆనాటి నుంచి పేపర్లో కొట్లాటలు, బస్సులో అరుపులు, పక్క కొట్లో గ్లాసు పగిలిన చప్పుడు, అన్నీ ఆయన వీపులోనే మోగుతున్నాయి.

"ఎవరొస్తారని బావా నీ భయం?" అన్నాను.

"అది తెలిస్తే వాడొక్కడికే భయపడేవాణ్ణి కదోయ్. మిగతావాళ్ళకి ప్యాంట్లు సరిగ్గా కుట్టేవాణ్ణి."

కొలతలు తీసేటప్పుడు కూడా తలుపుకి వీపు పెట్టడు. తను కదలకుండా మనల్నే గిర్రున తిప్పుతాడు. ఎవరైనా గట్టిగా అడుగులేస్తూ వస్తే, పెద్ద కత్తెర వాళ్ళకి చిక్కకూడదని దాని మీదే కూర్చుంటాడు. కూర్చునీ కూర్చునీ ఆయన ప్యాంటుకే వెనక కన్నం పడింది. నేను నవ్వాను. ఆయనా నవ్వాడు. అక్క నవ్వలేదు. నన్ను బయటికి పిలిచి, బేరాలు పోతున్నాయిరా, ఆయనకి ఆ చెయ్యి తప్ప ఇంకేం లేదు, అదీ పోతే మనిషి మిగలడు అంది. బల్బు పెట్టించి చూసిందట. లోపల లైటుంటే బయటివాళ్ళ మొహాలు కనబడటం లేదని ఆయన తీసేశాడట.

నాకు గొప్ప ఉపాయం తట్టింది. బట్టలు వేసుకు చూసుకునే నిలువుటద్దాన్ని కిటికీ పక్కకి జరిపించి, మిషన్ని పాత చోటికి తిప్పించాను. ఎదురుగా వెలుతురు, అద్దంలో తలుపు. కుట్టు తిన్నబడింది. అక్క మొహం తేటపడింది. నేను ఇంకో ప్యాంటు గుడ్డ ఇచ్చి, నా తెలివి గురించి వీధంతా చెప్పుకు తిరిగాను.

అద్దం కనబడితే మగవాడు ఏం చేస్తాడో మాత్రం నాకు తోచలేదు.

డ్రాయింగు మాస్టారు చొక్కా కోసం వచ్చాడు. బల్లిని కూడా బతిమాలి పంపించే మనిషి. అద్దంలో జుట్టు చూసుకుని, వెనక జేబులోంచి సన్నటి స్టీలు దువ్వెన తీశాడు. బావకి అద్దంలో, తన వీపు వెనక, ఆ చెయ్యీ, ఆ మెరుపూ మాత్రమే కనబడ్డాయి. ఒక్క ఊపున లేచి తిరిగేసరికి ఆయన చేతిలో కత్తెర మాస్టారి గొంతు ఎత్తులో ఉంది. ఎవరికీ గీటు కూడా పడలేదు. మాస్టారు దువ్వెన వదిలేసి పరిగెత్తాడు.

మాస్టారు పాపం కత్తెర అనే చెప్పాడు. వీధి చివరికి చేరేసరికి అది కత్తి అయింది. జనం గుమ్మం బయటే నిలబడి తమ గుడ్డలు అడిగి పట్టుకెళ్ళారు. పిల్లల్ని నడిపించుకుపోయే తల్లులు ఆ కొట్టు దగ్గరికి రాగానే రోడ్డు దాటేవారు.

నేను వెళ్ళేసరికి బావ ఆ దువ్వెన పట్టుకుని కూర్చున్నాడు.

"మాస్టారు పెట్టిన మొహం నాదేనోయ్," అన్నాడు. "రోజూ నేను పెట్టేదే. ఎదుటివాడి మీద ఇప్పుడే చూశాను."

పొరపాటున జరిగిందని అందరికీ చెబుతానన్నాను.

"నీ మాట ఎవరు వింటారు? నా బావమరిదివి," అని నవ్వబోయాడు. నవ్వు రాలేదు.

ఇప్పుడాయన షట్టరు పూర్తిగా దించేసి కుడుతున్నాడు. బయటి మొహాలతో పని లేదు కాబట్టి బల్బు వెలుగుతూనే ఉంటుంది. కుట్టడానికి ఉన్నవి ఇంట్లో పాత దుప్పట్లు, దిండు గలీబులు, నా ప్యాంటు. అది అక్క చేత పంపాడు. జిప్పు కుట్టు చూశాను. దారం బిగించి పట్టినట్టు ఉంది. అంత తిన్నటి కుట్టు ఆయన ఎప్పుడూ వేసి ఉండడు.

ఆ మాటే చెబుదామని, ఆ ప్యాంటే వేసుకుని వెళ్ళాను. లోపల మిషన్ హాయిగా నడుస్తోంది. షట్టరు మీద వేలితో తట్టాను. మిషన్ ఆగింది.

"బావా, నేనే."

స్టూలు జరిగింది. బల్ల మీద కత్తెర చిన్నగా చప్పుడైంది. పెట్టాడో, తీశాడో తెలియలేదు. మా బావే కదా అనుకుంటూనే, నేను మెట్టు దిగి కాస్త ఎడంగా నిలబడ్డాను.

"మెట్టు దిగావు కదూ?" అని లోపలి నుంచి మెల్లగా అడిగాడు.

నేను మళ్ళీ మెట్టెక్కలేదు. కాసేపటికి మిషన్ మళ్ళీ మొదలైంది.