షాలేమ్‌రాజు హెడ్డాఫీసు ప్రయాణాలు

“—అడగడానికెల్లినోడివి అడిగి రావాలి గానీ, అక్కడ కూడా పందిరి కట్టేసి వచ్చేస్తావేటి?”

“ఒరిగిపోయుందే సుజితా,” అన్నాడు షాలేమ్‌రాజు. “గాలొస్తే జనాల మీద పడిపోద్ది.”

“పడనీ. ఆల పందిరి, ఆల జనం. నీకేటి?”

“మన జనమే కదే.”

ఆ మాటతో సుజితకు కోపం ఇంకాస్త పెరిగింది. అతను విప్పిన చొక్కా అందుకుని చూసింది. భుజం దగ్గర తాడు ఒరుసుకుని గుడ్డ నలిగి మట్టిరంగుకు తిరిగింది. మిషను హెడ్డాఫీసులో పెద్దయ్యగారి ముందు నిలబడతాడు కదా అని పొద్దున్నే ఇస్త్రీ చేసి తొడిగించి పంపిన తెల్లచొక్కా అది.

లోపలి గదిలో మంచం మీదనుంచి సుజిత తల్లి ఎస్తేరమ్మ దగ్గింది. ఇద్దరూ గొంతు తగ్గించారు.

నర్సీపట్నంలో షాలేమ్‌రాజు టెంట్ హౌస్ తెలియనివాళ్ళు తక్కువ. పెళ్ళి కానీ, రజస్వల కానీ, వినాయకుడి పందిరి కానీ, సువార్త కూటం కానీ, షామియానా, కుర్చీలు, వంటగిన్నెలు అతని దగ్గరనుంచే వెళ్ళాలి. చావు కబురు చెవిన పడిందంటే ఎవరూ అడక్కుండానే ఆటోలో కుర్చీలు వేసుకుపోయి వాకిట్లో దించి వచ్చేస్తాడు. తాడు చేతిలో ఉంటే గట్టివాడే. బల్లకు అవతల మనిషి కూర్చుని ఇవతల తాను నిలబడవలసి వస్తే మాత్రం నోట మాట రాదు. కరెంటాఫీసుకు వెళ్ళినా, హాస్టల్లో ఉన్న పిల్ల కాలేజీకి వెళ్ళినా అంతే. చెప్పవలసింది సగం చెప్పి, ఎదుటివాళ్ళు తల ఊపగానే దండం పెట్టి వచ్చేస్తాడు. పెళ్ళయిన కొత్తలో సుజిత దీన్ని వినయం అనుకుంది. తర్వాత భయం అనుకుంది. ఇప్పుడు దానికి పేరు పెట్టడం మానేసి అతని వెనకే తిరిగి మిగతా సగం తను చెబుతూ వస్తోంది.

హెడ్డాఫీసుకు మాత్రం అతన్ని ఒంటరిగా పంపింది. అక్కడ ఉన్నవాళ్ళు దేవుడి మనుషులు కదా, సగం చెప్పినా అర్థం చేసుకుంటారనుకుంది.

పని పెద్దదేం కాదు. వాళ్ళ మిషను సంఘానికి పాస్టరు అయ్యగారు లేరు. ఉన్నాయన రిటైరై వెళ్ళాక కొత్తవారిని వెయ్యలేదు. పక్క మండలం అయ్యగారికి ఇన్‌ఛార్జి ఇచ్చారు గానీ, ఆయనకు అప్పటికే మోయలేనన్ని సంఘాలు, ఇటు రావడమే పడలేదు. ఆదివారాలు షాలేమ్‌రాజే గుడి తలుపు తీసి, ఊడ్చి, ఆరాధన పుస్తకంలోంచి తడుముకుంటూ చదివి, కీర్తన పాడించి అందర్నీ ఇళ్ళకు పంపేవాడు. ప్రభువు బల్ల మాత్రం లేదు. రొట్టె, కిస్‌మిస్ నానబెట్టి తీసిన ద్రాక్షరసం ఇచ్చే అధికారం పెద్దయ్యగారు తల మీద చెయ్యి ఉంచి అభిషేకించిన అయ్యగారికే గానీ ఇంకొకరికి ఉండదని వాళ్ళ మిషనులో తాతల నాటినుంచీ నియమం.

మిగతావాళ్ళు సర్దుకున్నారు. సర్దుకోలేనిది ఎస్తేరమ్మ. మిషను బోర్డింగులో ఆయాగా చేసిన మనిషి. నెల మొదటి ఆదివారం వచ్చిందంటే తెల్లచీర కట్టుకుని, పచ్చి మంచినీళ్ళయినా ముట్టకుండా వెళ్ళి బల్ల తీసుకునేది. ఈస్టరుకు ముందు శ్రమల దినాల్లో జారిపడి తుంటి విరిగింది. అప్పటినుంచీ మంచమే. అల్లుడు దూలానికి మెత్తటి తాడు వేలాడగట్టి, పట్టుకుని లేవడానికి చివర గుడ్డ చుట్టి పెట్టాడు. దాన్ని పట్టుకుని కూర్చుని రోజూ ఒకటే అడుగుతుంది, అయ్యగారు ఎప్పుడొస్తారని. బల్ల తీసుకోకుండా పోతానేమోనని ఆమె భయం. ఆమె తిండి తగ్గేకొద్దీ ఆ భయం సుజితకూ పట్టుకుంది.

వీధి చివర సొంతంగా సంఘం పెట్టుకున్న కుర్ర పాస్టరును సుజిత ఒకసారి పిలుచుకొచ్చింది. ఎస్తేరమ్మ అతని చేత ప్రార్థన చేయించుకుంది, టీ ఇప్పించింది. బల్ల మాట ఎత్తేసరికి గోడవైపు తిరిగి పడుకుంది. అతను వెళ్ళాక, పిల్లడు మంచోడే గానీ దేవుడికి సెవుడనుకుంటన్నాడని అంది.

ఎండాకాలంలో షాలేమ్‌రాజు మొదటిసారి వెళ్ళాడు. కృష్ణదేవిపేట రైతు ఇచ్చిన జీడిపప్పు పొట్లం కట్టించుకుని, తుని వెళ్ళి బస్సు మారి వెళ్ళాడు. పెద్దయ్యగారు విదేశాల్లో ఉన్నారట. గుమాస్తా పొట్లం అందుకుని, ఫ్యాను కింద కూర్చోబెట్టి, మహాసభల టైములో రమ్మన్నాడట. ఎంత మర్యాదగా చూశారో ఇంటికొచ్చి మురిసిపోతూ చెప్పాడు. ఫ్యాను గురించి కూడా చెప్పాడు.

మహాసభలకు రెండోసారి వెళ్ళాడు. మైదానంలో పెద్ద పందిరి. తన వంతు కోసం కూర్చున్నవాడు అలవాటు చొప్పున తలెత్తి పైకి చూశాడు. ఒక మూల గుంజ ఒరిగి తాడు వదులుగా ఉంది. వేసినవాళ్ళు టిఫినుకు పోయారు. లేచి బిగించాడు. ఎవరో బ్యాడ్జి పెట్టుకున్నాయన వచ్చి, ఆ రెండో పక్క కూడా చూడవయ్యా అన్నాడు. చూశాడు. తర్వాత కుర్చీలు సర్దమన్నారు. సర్దాడు. సాయంత్రం పందిరి కూలీలతో పాటు ఆఖరి బంతిలో తిని చేయి కడుక్కుంటుంటే పెద్దయ్యగారి కారు గేటు దాటింది.

“నాకేసి సెయ్యూపేరు,” అన్నాడు భార్యతో. దాని మీదే ఆ చొక్కా గొడవ.

ఆ వారంలోనే నాతవరం నుంచి మన్మథరావు అనే రైతు కూతురి ఓణీల ఫంక్షనుకు సామాన్లు మాట్లాడుకోవడానికి వచ్చాడు. పాత ఖాతాదారు, నోరు ఊరుకోదు. “ఏటి షాలేమూ,” అన్నాడు, “మీ దేవుడి పనిక్కూడా ఆఫీసుల సుట్టూ తిరగాలంట కదా. మాకు పంతులుగారు బండేసుకుని ఇంటికొచ్చేత్తాడు.” షాలేమ్‌రాజు హాయిగా నవ్వాడు. సుజిత నవ్వలేదు. మన్మథరావు వెళ్ళిపోగానే, ఈసారి తనూ వస్తానంది.

“నువ్వెందుకే, శ్రమ.”

“ఆడోలికి బస్సు టికెట్టు నేదుగా. ఎల్లేది నేనే. తోడుకి నువ్వు రా.”

క్రిస్మస్‌కు ముందు బయల్దేరారు. పక్కింటి నూకరత్నానికి ఎస్తేరమ్మను అప్పగించారు. సుజిత ఆధార్ కార్డు చూపించి సున్నా టికెట్టు తీసుకుని కిటికీ పక్కన కూర్చుంది. దారి పొడుగునా లోపల్లోపల మాటలు పేర్చుకుంది. ముందు దండం, తర్వాత సంగతి, తర్వాత ఏ తారీకుకు పంపుతారో చెబితేనే లేవడం. షాలేమ్‌రాజు మాత్రం దారిలో కనిపించిన ప్రతి పెళ్ళి పందిరినీ వంగి చూస్తూ, ఇది బాగుంది, ఇది నిలబడదు అని చెబుతూ వచ్చాడు.

హెడ్డాఫీసు దొరలు కట్టిన పాత బంగళా. తలుపులు ఏనుగు పట్టేంత ఎత్తు. వరండాలో బల్ల మీద మధ్యాహ్నం దాకా కూర్చున్నాక లోపలికి రమ్మన్నారు.

పెద్దయ్యగారు సుజిత అనుకున్నట్టు లేరు. సన్నటి ముసలాయన. స్వెట్టరు వేసుకున్నారు. నర్సీపట్నం అనగానే కళ్ళజోడు తీసి, కుర్రతనంలో ఆ కొండల మీద సైకిలు తొక్కాననీ, అక్కడి పనసపండు రుచి ఇంకెక్కడా దొరకలేదనీ చెప్పారు. టీ తెప్పించారు. షాలేమ్‌రాజు రెండు చేతులతో కప్పు పట్టుకుని గుటక వెయ్యడం కూడా మర్చిపోయాడు.

సుజిత చెప్పింది. పేర్చుకున్నదంతా పేర్చుకున్నట్టే చెప్పింది. ఖాళీ గుడి, బోర్డింగులో పిల్లలకు జడలు వేసి ఇప్పుడు తుంటి విరిగి పడుకున్న తల్లి, నెల మొదటి ఆదివారం తెల్లచీర మడత పొట్ట మీద పెట్టుకుని పడుకోవడం. పెద్దయ్యగారు ఒక్కసారీ అడ్డు రాలేదు. చివరికి ఆయన కళ్ళు తడిశాయి. అయ్యగార్లు తగ్గిపోయారన్నారు. ఉన్న కుర్రవాళ్ళు పట్నం వదలం అంటున్నారన్నారు. చేతులు జోడించి, “ప్రార్థన చేసుకుందాం తల్లీ,” అన్నారు.

సుజిత ముసుగు వేసుకుని కళ్ళు మూసుకుంది. అలాంటి ప్రార్థన ఆమె ఎప్పుడూ వినలేదు. ఆయన గొంతు పెంచలేదు. ఎస్తేరమ్మను పేరు పెట్టి దేవుడికి అప్పగించారు. ఆమె బోర్డింగులో పిల్లలకు జడలు వేసిన చేతుల్ని తలుచుకున్నారు. నర్సీపట్నంలో ఆ చిన్న గుడికి, నీ బల్ల దగ్గర నిలబడి వడ్డించడానికి, ఒక మనిషిని పంపించు ప్రభువా అన్నారు. సుజితకు ఏడుపు ఆగలేదు. ఆయన ముగించేసరికి అందరికంటే గట్టిగా ఆమేన్ అన్నది ఆమే.

కళ్ళు తెరిచేసరికి పెద్దయ్యగారు లేచి నిలబడి ఉన్నారు. ఒక చెయ్యి షాలేమ్‌రాజు తల మీద ఉంది. గుమాస్తా తలుపు తీసి పట్టుకున్నాడు. వాళ్ళలో ఎవరింటికి వెళ్ళినా కడపటి ప్రార్థన అయిందంటే లేవవలసిందే. ఆమేన్ అన్నాక మళ్ళీ కూర్చుని పని మాట ఎత్తడం ఉండదు. పుట్టినప్పటినుంచీ తెలిసిన మర్యాద. సుజిత దండం పెట్టింది. వరండాలోకి వచ్చాక గానీ తారీకు అడగలేదని గుర్తు రాలేదు.

“ఎప్పుడు పంపుతానన్నారు?” అంది మొగుణ్ణి.

“ప్రార్థన సేసేరు కదే,” అన్నాడతను.

తిరుగు బస్సులో అతను వేరుశెనక్కాయల పొట్లం కొని ఆమె ఒళ్ళో పెట్టాడు. ఈసారి పందిళ్ళ మాట ఎత్తలేదు. సుజిత ఒక్కో కాయా వలిచి సగం అతని చేతిలో పోసింది. ఇంతకాలం ఆ చొక్కా పట్టుకుని ఎన్నెన్ని మాటలు అందో తలుచుకుంది. అక్కడ ఒక్కళ్ళూ కాదనలేదు. మొదటిసారి ఫ్యాను వేశారు, రెండోసారి అన్నం పెట్టారు, ఈసారి ఏడిపించారు. కాదనని మనుషులతో పోట్లాడటం ఎలాగో ఆమెకూ తెలియలేదు.

ఇంటికి వచ్చేసరికి దీపాలు పెట్టేశారు. ఎస్తేరమ్మ తాడు పట్టుకుని లేచి కూర్చుని ఉంది. తల దువ్వించుకుంది కూడా. నూకరత్నం సామాను సర్దుకుని మెల్లగా జారుకుంది.

“పంపుతారేటి?” అంది ఎస్తేరమ్మ.

సుజిత మంచం అంచున కూర్చుంది. అబద్ధం చెప్పాలనే అనుకుంది, దారిలో దానికీ మాటలు పేర్చుకుంది. తల్లి మొహం చూశాక జరిగినదంతా జరిగినట్టే చెప్పేసింది. టీ, పనసపండు, కన్నీళ్ళు, ప్రార్థన. షాలేమ్‌రాజు గుమ్మంలో నిలబడి తలుపు గడియను అటూ ఇటూ తిప్పుతున్నాడు.

“ప్రార్థనలో ఏటడిగేరు?”

“మన గుడికో మనిషిని పంపమని అడిగేరమ్మా. బల్ల దగ్గర నిలబడి వడ్డించడానికి.”

“నువ్వు ఆమేన్ అన్నావా?”

“అన్నాను.”

“అల్లుడో?”

“ఆయనా అన్నాడు. పెద్దయ్యగారు ఆయన తల మీద సెయ్యేసేరు.”

ఎస్తేరమ్మ తాడు వదిలి దిండుకు ఆనుకుంది. కళ్ళు మూసుకుంది. నిద్రపోయిందేమో అనుకుని సుజిత దుప్పటి సర్దబోయింది.

“కిస్‌మిస్ పళ్ళు కొని నానబెట్టు,” అంది ఎస్తేరమ్మ, కళ్ళు తెరవకుండా. “ఈ ఆదివారం అల్లుడి సేత్తో బల్ల తీసుకుంటాను.”