రాజన్న కాకను నేను తన్నని రోజు

మా క్లినిక్‌లో పేషెంటును పడుకోబెట్టే బల్లకు మధ్యలో ఒక పలక ఉంటుంది. వెన్నుపూస మీద ఒత్తిడి పెట్టగానే అది కొద్దిగా కిందికి పడి టక్కుమంటుంది. చేతులతో వెన్ను సరిచేసే మా కైరోప్రాక్టర్లకు అది రోజూ వినే చప్పుడే. అయినా ఈ ఉదయం దోహాలో, అల్ ఘర్రాఫాలోని మా క్లినిక్‌లో ఆ చప్పుడు వినగానే నా తల గోడవైపు తిరిగింది. అక్కడ నా లైసెన్సు ఉంది. గడువు ఇంకా తీరలేదు. నిన్నా చూశాను, మొన్నా చూశాను, తీరలేదని తెలుసు. అయినా మనసుకు కుదురు లేదు. ఈ రోగం నాకు అంటించి, తాను హాయిగా రిటైరై వెళ్ళిపోయినావిడ ఎస్తేరు రాణిగారు.

భీమవరం మనిషి. ఇదే క్లినిక్‌లో కైరోప్రాక్టరు, నాకు పైఅధికారి. నేను నిర్మల్ వైపు వాణ్ణి, పైగా ఎదురుకాళ్ళతో పుట్టినవాణ్ణి. మా దగ్గర నడుం పట్టేస్తే అలా పుట్టినవాళ్ళ చేత తన్నించుకుంటారు. నేను బడికి పోతుంటే ఎవరో ఒకరు అడ్డంవచ్చి వీపు తిప్పి నిలబడేవారు. ఊరి పెద్దమనుషులను తన్ని దీవెనలు అందుకున్నవాణ్ణి నేను! ఆ పిచ్చే ముదిరి మలేషియాలో కైరోప్రాక్టిక్ చదివాను, అక్కడే కొంతకాలం పనిచేశాను. తీరా దోహాకు వస్తే పట్టా చూపించినంత మాత్రాన చాలదన్నారు. అది నిజమేనని మా కాలేజీ ఇక్కడ లైసెన్సులిచ్చే ఆఫీసుకు నేరుగా జవాబివ్వాలి. చేసిన ఉద్యోగాలకూ అంతే. ఆపైన పరీక్ష. పరీక్ష గట్టెక్కాను గానీ కాలేజీ నుంచి ఉలుకూ లేదు, పలుకూ లేదు. రిసెప్షన్‌లో కూర్చుని పేషెంట్ల పేర్లు పిలుస్తూ లోలోపల ఉడికిపోయేవాణ్ణి.

“ఇంకా ఎన్నాళ్ళు మేడం?” అని రోజూ ఆమె ప్రాణం తీసేవాణ్ణి.

“వచ్చేదాకా నాయనా. ఈలోగా చూడటం నేర్చుకో. ముట్టుకోవడానికి బోల్డంత టైముంది.”

ఆ మాటకు ఒళ్ళు మండేది.

ఆవిడకూ ఒకసారి లైసెన్సు తిప్పలు వచ్చాయి. ఇక్కడ లైసెన్సు రెన్యువల్ కావాలంటే మధ్యమధ్య శిక్షణకు హాజరు కావాలి. ఆవిడ ఆన్‌లైన్‌లో చేసిన ఒక కోర్సు ఇక్కడ చెల్లదని చివర్లో తేలింది. ఇంకొకటి పూర్తిచేసేలోపే గురువారంతో గడువు తీరిపోయింది. ఆ సాయంత్రమే గోడమీది ఫ్రేమును దించి సొరుగులో పెట్టేశారు. ఇక్కడ చర్చికి వెళ్ళేది శుక్రవారమే. మర్నాడు ప్రార్థన కాగానే వచ్చి, పేషెంట్లకు వేరే రోజులు ఇమ్మని చెప్పి నా పక్కన కూర్చున్నారు.

సరిగ్గా అప్పుడే వచ్చాడు రాజన్న కాక. మా నాయన దోస్తు, బిర్కత్ అల్ అవామిర్‌లో కూలీల క్యాంపులో ఉంటాడు. ఇద్దరు చెరో రెక్కా పట్టుకుని తెచ్చారు. మనిషి నడుం దగ్గర రెండుగా వంగిపోయి ఉన్నాడు.

“నర్సిం, నువ్వు ఎదురుకాళ్ళోనివి గద కొడుకా. జర ఒక్క తన్ను తన్ను. రేపు డ్యూటీకి పోకుంటే ఫోర్‌మన్ ఊకోడు.”

నేను అప్పటికే చెప్పు విడిచాను. మేడం నా మోచెయ్యి పట్టుకున్నారు.

“అయితే మీరైనా చూడండి. నిన్న పనిచేసిన చేతులే కదా ఇవి?” అన్నాను కోపంగా.

“చేతులు నిన్నటివేనయ్యా. కానీ నా చేతిలో ఏదైనా తేడా జరిగితే ఇతను వెళ్ళి ఎవరిని అడగాలి? నిన్నైతే అడగడానికి లైసెన్సు ఇచ్చినవాళ్ళున్నారు. ఇవాళ లేరు.”

“మరి చూస్తూ కూర్చుందామా?”

“ప్రశ్నలు అడగొచ్చుగా. అడుగుదాం.”

చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుని అడిగారు. కాళ్ళు తిమ్మిరెక్కుతున్నాయా? కూర్చునే చోట స్పర్శ తెలుస్తోందా? కాక నేల చూపులు చూశాడు. ఆడమనిషి ముందు నోరు పెగల్లేదు. మేడం లేచి అటు తిరిగి నిలబడి, “ఒంటేలు వస్తోందా అని నువ్వడుగు” అన్నారు నాతో.

కాక నా చెవిలో అన్నాడు. “పొద్దటిసంది వస్తలేదు బిడ్డా. కింద మొద్దువారింది.”

ఆ మాట ఆమెకు చెప్పీ చెప్పకముందే అంబులెన్స్‌కు ఫోన్ కలిపారు. నడుములో నరాల కట్ట నలిగిపోతోందట. ఆలస్యమైతే కాళ్ళు పడిపోవచ్చట. ఆ నడుం మీద తన్ను పడితే ఏమయ్యేదో ఆలోచించడానికి నాకు ఇప్పటికీ ధైర్యం చాలదు. ఆ రోజే ఆపరేషన్ చేశారు.

ఆసుపత్రి వరండాలో మేడం నాకు టీ ఇచ్చి అన్నారు. “ప్రతి శిక్షణలోనూ ఈ ప్రశ్నలే చెప్తారు. మహా విసుగనుకో. అయినా వింటాను.”

తర్వాత నా లైసెన్సూ వచ్చింది, ఆవిడ రిటైరూ అయ్యారు. ఇప్పుడు విసుక్కుంటూ ఆ శిక్షణల్లో కూర్చునేది నేను. ముందుగా ఆ ప్రశ్నలు అడగనిదే ఏ నడుం మీదా చెయ్యి వెయ్యను. కోర్సు ఇక్కడ చెల్లుతుందని రాతపూర్వకంగా తెలిస్తే తప్ప ఏ కోర్సులోనూ చేరను.

రాజన్న కాకకు మాత్రం నా మీద కోపం తీరలేదు. ఊరికి తిరిగిపోయాక, దుబాయ్ పోయినంక నాకు గీర ఎక్కిందని ఊరంతా చెబుతాడు; మా ఊళ్ళో గల్ఫ్ అంతా దుబాయే. మొన్న ఫోన్ చేసి మళ్ళీ అదే పాట. “అంత బతిలాడినా ఒక్క తన్ను తన్నకపోతివి గదరా!” మధ్యమధ్య ఆయాసం వినిపించింది. ఎక్కడున్నావు కాకా అని అడిగాను. చేనుకు నడిచి పోతున్నాడట. తిట్టనీ అని ఫోన్ చెవికి ఆనించుకునే ఉన్నాను, చేను వచ్చేదాకా.