ఎడిటర్ చదవని పేరాలు

గొంతు మీద కత్తి ఉన్నప్పుడు ఎవరైనా ఏం వాదిస్తారు చెప్పండి! ఈ ఒక్క సౌకర్యంతోనే మా వీధి సెలూన్ ఆయన ఇరవై ఆరేళ్ల పాటు మేధావిగా చలామణి అయిపోయాడు. కుర్చీలో మనిషి గడ్డానికి నురగ పట్టించి, తల వెనక్కి వాల్చి, కత్తి కంఠం దగ్గరికి చేరగానే మొదలుపెట్టేవాడు. ఎన్నికలు, ధరలు, స్తంభానికొకటి బిగించిన కెమెరాలు, మనిషిలా మాట్లాడే కంప్యూటర్లు, ఒకటని ఏముంది, అన్నీ.

"ఓట్లప్పుడు దండాలు పెట్టారు. ఇప్పుడు ఎదురుపడితే కారు అద్దం కూడా దించట్లేదు. అవునా కాదా?"

"ఊఁ," అనేవాడు కుర్చీలో మనిషి. కదిలితే తెగుతుంది మరి!

"రేపొద్దున రోబోలు గడ్డాలు గీస్తాయట. గీయనీ! ముందు ఎవడి చెవి తెగుతుందో చూద్దాం. అవునా కాదా?"

"ఊఁ."

ఆ "ఊఁ" వినపడితే చాలు, లోకమంతా తనతో ఏకీభవించినట్టే. వీధి వీధంతా అతన్ని ఎడిటర్ అని పిలిచేది. సగం వెక్కిరింతగా పెట్టిన పేరే గానీ అతను పూర్తి గౌరవంగానే పుచ్చుకున్నాడు. అతని భార్య మాత్రం ఆ పేరు ఎత్తితే మూతి తిప్పేది. "ఇంట్లో టీవీ రిమోట్‌లో బ్యాటరీలు ఎటు పెట్టాలో తెలీదు, ప్రపంచానికి మాత్రం రిపేర్లు చెప్తారు," అనేది.

ఇంతకీ ఈ ఎడిటర్ పేపరు కొనేవాడు కాదు. పక్కనున్న టీ కొట్టులో నిన్నటి పేపరు పొద్దున్నే తెచ్చుకునేవాడు. చదవడానికి కాదు, కత్తికి అంటిన నురగ తుడవడానికి. లోపలి పేజీలన్నీ షాపు తెరవగానే అరచేయంత ముక్కలుగా కోసి, అద్దం ముందు దొంతర పెట్టేవాడు. మొదటి పేజీ ఒక్కటీ మధ్యాహ్నం దాకా బతికి ఉండేది. ఎడిటర్‌గారి విజ్ఞానమంతా ఆ ఒక్క పేజీదే. "మిగతా ఆరో పేజీలో" అని ఉంటే, ఆ ఆరో పేజీ అప్పటికే ఎవరో ఒకరి గడ్డం నురగలో నాని చెత్తబుట్టలో పడి ఉండేది. ఈ సంగతి అతనికి ఎప్పుడూ లోటుగా అనిపించలేదు. మిగతాది తనే ఊహించి చెప్పేసేవాడు, పైగా పేపరు వాళ్లకన్నా బాగా చెప్పేవాడు కూడా.

అతని మాటలు అందరికంటే శ్రద్ధగా వినేది, రెండు షాపుల అవతల వాచీలు బాగుచేసే ఆయన. ఆయన మాట్లాడడమే తక్కువ. రోజంతా కంటికి భూతద్దం తగిలించుకుని, ఊపిరి బిగబట్టి పని చేసేవాడికి మాటలెక్కడ అలవాటవుతాయి! శనివారం శనివారం గడ్డానికి వచ్చేవాడు. ఆయన భార్య ఎప్పుడో ఒకసారి ఎడిటర్‌ని "అన్నయ్యా" అంది. అప్పటినుంచి ఆమె చెల్లెమ్మ, ఆయన బావ. చుట్టరికం కలుపుకోవడానికి మనవాళ్లకు అంతకన్నా ఏం కావాలి!

ఒక శనివారం, మొదటి పేజీలో అడుగున ఒక వార్త పడింది. "గుండె యంత్రాలకూ హ్యాకర్ల గండం!" అని లావాటి అక్షరాలు. కింద ఐదు లైన్లు. గుండె కొట్టుకోవడానికి ఛాతీలో అమర్చే చిన్న యంత్రంలో లోపం ఉందట, దాన్ని బయటినుంచి ఆపేయొచ్చునట. మిగతా ఆరో పేజీలో.

ఎడిటర్ కత్తి పట్టుకుని రెచ్చిపోయాడు. గీయడం అయ్యాక, టవల్‌తో మొహం తుడుచుకుంటూ వాచీల ఆయన అడిగాడు. ఆయన ఎదురు ప్రశ్న వేయడమే అపూర్వం.

"నిజంగా అలా ఆపేస్తారంటావా బావా?"

"ఆపేస్తారంటావా ఏంటి, ఆపేస్తున్నారు! ఎవడో ఎక్కడో గదిలో కూర్చుని బటన్ నొక్కితే టక్కున ఆగిపోతుంది. కడుపునొప్పా, కాలునొప్పా, గుండె బావా అది! నేనైతే చచ్చినా పెట్టించుకోను."

బెంచీ మీద కూర్చున్నవాళ్లు నవ్వారు. వాచీల ఆయన కూడా కాస్త నవ్వి, చొక్కా కాలరు సర్దుకుని వెళ్లిపోయాడు. ఎడిటర్ ఆ సాయంత్రానికే ఆ వార్తను మర్చిపోయాడు.

మూడు నెలల తర్వాత ఒక సోమవారం పొద్దున వాచీల ఆయన బాత్రూంలో పడిపోయాడు. మంగళవారం మధ్యాహ్నం చెల్లెమ్మ సెలూన్‌కి వచ్చింది. ఆడవాళ్లు అడుగుపెట్టే చోటు కాదని గడప బయటే నిలబడింది. కళ్లు వాచి ఉన్నాయి.

"అన్నయ్యా, గుండె ఆగాగి కొట్టుకుంటోందట. చిన్న మిషన్ పెట్టాలని డాక్టరు మూడు నెలల కిందటే చెప్పాడు. నాకు కూడా చెప్పకుండా దాచాడు మనిషి! ఎవరో చెప్పారట, అది పెట్టుకుంటే బయటినుంచి ఆపేసి చంపేస్తారని. ఎవరు చెప్పారంటే పెదవి విప్పడు. ఆ చెప్పినవాడి నోరు పడిపోను! వాడి నాలుకకు తాళం పడ!"

ఎడిటర్ చేతిలో దువ్వెన ఉంది. దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక జేబులో పెట్టుకున్నాడు.

"రేపు పెడతామంటున్నారు. సంతకం పెట్టనంటాడు. మళ్లీ అలా ఆగితే మా చేతుల్లో ఉండదు అంటున్నారు డాక్టర్లు. నువ్వు పేపర్లన్నీ చదివేవాడివి. నీ మాటంటే ఆయనకు వేదం. గడ్డం గీసే వంకతో పొద్దున్నే రా అన్నయ్యా. నువ్వు చెప్తే వింటాడు."

"వస్తానమ్మా," అన్నాడు ఎడిటర్. ఇరవై ఆరేళ్లలో అతనికి మాట కరువైంది అదే మొదటిసారి. ఆ చెప్పినవాణ్ని నేనేనమ్మా అనాల్సిన చోటు అదే, అనాల్సిన క్షణమూ అదే. అనలేదు. పిరికిపంద! ఈ మాట నేను అంటున్నది కాదు, ఆమె వెనుదిరిగాక అద్దంలో మొహం చూసుకుని తనను తనే తిట్టుకున్నది.

కుర్చీలో సగం కటింగ్ అయిన మనిషి ఉన్నాడు. ఎలాగో అది పూర్తి చేసి, షట్టరు దించి, తిన్నగా లైబ్రరీకి వెళ్లాడు. ఎప్పుడూ గడప తొక్కని లైబ్రరీ. ఏ తారీఖో గుర్తులేదు. పాత పేపర్ల కట్టలన్నీ ముందేసుకుని ఒక్కొక్కటే తిప్పాడు. సాయంత్రం అయిదింటికి దొరికింది. లావాటి అక్షరాలు, ఐదు లైన్లు. ఆరో పేజీ తిప్పాడు. అక్కడ నాలుగు పేరాలు ఉన్నాయి.

పరిశోధకులు ల్యాబులో చేసి చూపించిన లోపం అది. యంత్రానికి జానెడు దూరంలో పరికరాలు పెట్టుకుని గంటలకొద్దీ కూర్చుంటే తప్ప సాధ్యం కాదట. ఇప్పటిదాకా ఒక్క రోగికి కూడా ఏ హానీ జరగలేదట. కంపెనీ ఆ లోపాన్ని సరిచేసేసిందట. ఆఖరి పేరాలో ఆఖరి వాక్యం: "ఇలాంటి భయాలతో ఎవరూ చికిత్స వాయిదా వేసుకోవద్దని వైద్యులు హెచ్చరిస్తున్నారు."

ఎడిటర్ ఆ వాక్యాన్ని వేలు పెట్టి మూడుసార్లు చదివాడు. పేజీ చింపుకోనివ్వరు కాబట్టి లైబ్రేరియన్ని ఒక తెల్ల కాగితం అడిగి, నాలుగు పేరాలూ చేత్తో రాసుకున్నాడు. ఇంటికి వచ్చి భార్యతో అంతా చెప్పాడు. ఆమె దెప్పుతుందనుకున్నాడు. దెప్పితే బావుండేది. ఆమె కంచంలో అన్నం పెట్టి, పక్కన కూర్చుని, "రేపు ఆయనతో కూడా ఇలాగే చెప్పండి," అని ఊరుకుంది.

పొద్దున్నే సంచీలో సామాను వేసుకుని ఆస్పత్రికి వెళ్లాడు. వార్డులో ఆరు మంచాలు, కిటికీ పక్కది వాచీల ఆయనది. ఛాతీకి వైర్లు, తలవైపు పచ్చగీత గీస్తున్న మిషను. మనిషి రెండురోజుల్లో సగమైపోయాడు. చెల్లెమ్మ కళ్లతోనే "చెప్పు" అన్నట్టు సైగ చేసి, ఫ్లాస్కు పట్టుకుని బయటికి వెళ్లింది. నర్సు వచ్చి, "ఎలాగూ గీస్తున్నారుగా, ఆ ఎడమ భుజం కింద కూడా వెంట్రుకలు తీసేయండి. సంతకం పెడితే అక్కడే కోత పెట్టేది," అని చేత్తో చూపించి పోయింది.

ఎడిటర్ మంచం తల పైకెత్తి, మెడ చుట్టూ టవల్ కట్టి, నురగ పట్టించాడు. అలవాటుగా కత్తి కంఠం దగ్గరికి తీసుకెళ్లాడు. ఆయన అలవాటుగా కళ్లు మూసుకుని గడ్డం పైకెత్తాడు. ఎడిటర్ చేయి అక్కడే ఆగిపోయింది. ఇక్కడినుంచి చెప్తే ఈయన మళ్లీ "ఊఁ" అంటాడు. కత్తి మడిచి పక్కనున్న స్టూలు మీద పెట్టాడు.

"బావా, కళ్లు తెరువు. నేను చెప్పేది నచ్చకపోతే లెంపకాయ కొట్టు."

ఆయన కళ్లు తెరిచాడు.

"ఆ వార్త నేను సగమే చదివాను. మిగతాదంతా నా నోటికొచ్చింది వాగాను. నీకు డాక్టరు రాశాడని నాకు తెలీదు. తెలీకపోయినా వాగకూడదు. ఇదిగో మిగతాది." జేబులోంచి కాగితం తీసి నాలుగు పేరాలూ చదివాడు. ఆఖరి వాక్యం మళ్లీ ఒకసారి చదివాడు.

వాచీల ఆయన కాగితం అందుకుని తనూ ఒకసారి చదువుకున్నాడు. గడ్డం మీద నురగ ఆరిపోతోంది.

"ఇదంతా ఆ రోజెందుకు చదవలేదు?"

"ఆ పేజీతోనే నీ గడ్డం నురగ తుడిచాను బావా."

ఆయన నవ్వలేదు, తిట్టలేదు. "నా షాపుకి వచ్చేవన్నీ ఆగిపోయినవే," అన్నాడు మెల్లగా. "నడిచే వాచీ ఎవడూ పట్టుకురాడు. అందుకే నువ్వు చెప్పగానే నిజమే అనిపించింది. నేను ఇన్నాళ్లూ ఊఁ అన్నది కత్తికి భయపడి అనుకున్నావా? నమ్మి అన్నాను ఎడిటర్."

దీనికంటే లెంపకాయే నయం. ఎడిటర్ స్టూలు మీద కూలబడి, టవల్ కొసతో మొహం కప్పుకుని ఏడ్చేశాడు. పక్కమంచం ముసలాయన వింతగా చూశాడు.

"ఏడుపు తర్వాత. నురగ ఆరిపోయి దురద పెడుతోంది," అన్నాడు వాచీల ఆయన. "ముందు ఆ భుజం కింద తియ్యి. పెన్ను తెమ్మని నర్సుకి చెప్పు. ఇంకో మాట, మీ చెల్లెలికి చెప్పకు. చెప్పావంటే నీ షాపు గడప తొక్కనివ్వదు నన్ను."

ఆపరేషన్ బాగా జరిగింది. వారానికి ఇంటికి పంపించేశారు. ఇక వీధిలో ఎడిటర్ గురించి చెప్పుకోవడం చూడాలి! డాక్టర్ల వల్ల కానిది ఎడిటర్ చేశాడట, ఒక్క మాటతో సంతకం పెట్టించాడట. కూరగాయల ఆయన చేయి పట్టుకుని ఊపాడు. టీ కొట్టువాడు ఆ రోజు పేపరే ఇచ్చాడు, నిన్నటిది కాదు. ఎడిటర్ దాన్ని కోయలేదు, చదవనూ లేదు. మడత విప్పకుండా అద్దం ముందు పెట్టుకున్నాడు. ఎవరైనా "ఏంటి ఎడిటర్, కొత్త పన్నుల గురించి ఏమంటావు?" అంటే "తెలీదండీ" అనేవాడు. పొగిడిన ప్రతిసారీ తల కొట్టేసినట్టయ్యేది.

పదిహేనో రోజు చెల్లెమ్మ స్వీట్ల డబ్బాతో వచ్చింది. ఈసారి గడప దాటి లోపలికి వచ్చింది. "నా పసుపు కుంకుమలు నిలబెట్టావు అన్నయ్యా," అంటూ డబ్బా చేతిలో పెట్టబోయింది.

బావ చెప్పొద్దన్నాడు. చెప్పకపోతే ఏ గొడవా లేదు, జీవితాంతం ఆమె నోట దేవుడు. ఎడిటర్ చేతులు వెనక్కి తీసుకున్నాడు.

"నువ్వు తిట్టిన నోరు నాదేనమ్మా."

ఆమెకు వెంటనే అర్థం కాలేదు. అతను మొత్తం చెప్పాడు, ఐదు లైన్లు, ఆరో పేజీ, చచ్చినా పెట్టించుకోనన్న మాట, బెంచీ మీద నవ్వులు, ఏదీ మిగల్చలేదు. ఆమె గిరాకీ కూర్చునే కుర్చీలోనే కూర్చుండిపోయింది. అద్దంలో ఇద్దరూ కనిపిస్తున్నారు. ఆమె అద్దంలోనే అతని వంక చూసింది.

"బాత్రూంలో పడ్డప్పుడు ఆయన తల నా ఒళ్లో ఉంది. పిలిస్తే పలకలేదు. ఎంతసేపు పలకలేదో తెలుసా నీకు?"

"తెలీదమ్మా."

"నాకూ తెలీదు. ఇంటినిండా గడియారాలే. ఒక్కదాని వంక కూడా చూళ్లేదు."

ఆమె లేచింది. డబ్బా అక్కడే వదిలేసింది, ఇచ్చినట్టు కాదు, మర్చిపోయినట్టూ కాదు. గడప దగ్గర ఆగి, వెనక్కి తిరగకుండానే అంది:

"శనివారం ఆయన వస్తానంటున్నాడు. రానీ. గడ్డం గీయి. మాట్లాడకు."

శనివారం ఆయన వచ్చాడు. చొక్కా కింద ఎడమవైపు చిన్న ఉబ్బు. కుర్చీలో కూర్చుని కళ్లు మూసుకుని గడ్డం పైకెత్తాడు. ఎడిటర్ నురగ పట్టించాడు, కత్తి తీశాడు. కంఠం దగ్గర చర్మం కింద నాడి కొట్టుకుంటోంది, తడబాటు లేకుండా. ఎడిటర్ గీస్తూ పోయాడు. షాపులో కత్తి చప్పుడు తప్ప ఏమీ లేదు. ఆయన కాసేపు ఎదురుచూశాడు.

"ఊఁ?" అన్నాడు కళ్లు తెరవకుండానే.

ఎడిటర్ అద్దం ముందున్న పేపరు ముట్టకుండా కత్తిని తన అరచేతి మీదే తుడుచుకుని, రెండో చెంప వైపు తిరిగాడు.