వెర్నా నమ్మిన గవర్నరు

మాడిసన్ వెళ్లాల్సిన బస్సు మొక్కజొన్న చేల మధ్య మొరాయించింది. ఇంకో బస్సు మధ్యాహ్నానికి గాని రాదని డ్రైవరు చెప్పాక, సంచీ భుజాన వేసుకుని నడక మొదలుపెట్టాను. ఈ వయసులోనూ ఒకచోట కూర్చోవడం నాకు చేతకాదు. కాసేపటికి ఒక పాత పికప్ ట్రక్కు పక్కకొచ్చి ఆగింది.

"ఎక్కండి పెద్దాయనా. విస్కాన్సిన్ దోమల సంగతి మీకు తెలీనట్టుంది, ఎముకలు కూడా మిగల్చవు."

"ముప్ఫయ్యేళ్లుగా ఇక్కడే కదమ్మా వాటిని పోషిస్తున్నాను," అంటూ ఎక్కాను.

ఆమె పేరు వెర్నా స్ట్రాండ్. అరవై దాటిన మనిషి. చీజ్ ఫ్యాక్టరీలో పాలవిరుగుడు కలిపి కలిపి వేళ్లు వంకర్లు పోయాయి. ట్రక్కంతా పుల్లటి వాసన. ఒంటిమీద ఇస్త్రీ చేసిన నీలం గౌను, కాళ్లకు రబ్బరు బూట్లు.

"పెళ్లికా?"

"గవర్నరు దగ్గరికి. లిండల్ వాళ్ల పాకలో ఇవాళ డెయిరీ విందు. గవర్నరు ఎల్డనే ప్యాన్‌కేకులు వేస్తాడు. ఆకలేస్తే మీరూ రండి, బాగా మాడుస్తాడు."

జూన్ వచ్చిందంటే ఏదో ఒక పాడిరైతు ఇంట ఊరంతా కూర్చుని పొద్దుటి ఫలహారం తినాలి. ఓటు కావలసినవాడు ఏప్రన్ కట్టుకుని పెనం ముందు నిలబడాలి. ఎల్డన్ రీస్ సెనేటరుగా ఉన్న పద్దెనిమిదేళ్లూ నిలబడ్డది వెర్నా వాకిట్లోనే. ఆమె ఆవులు అమ్మేశాక విందు లిండల్ వాళ్లింటికి మారింది.

వెర్నాకు ఒక తమ్ముడు, లైల్. పందొమ్మిదేళ్ల వయసులో స్నేహితుడి కోసం పెట్రోలు బంకు బయట కారులో కూర్చున్నాడు. లోపలికెళ్లిన స్నేహితుడు బంకు యజమానిని కాల్చేశాడు. చట్టం ఇద్దరినీ ఒకే గాటన కట్టింది. యావజ్జీవం. లైల్ జుట్టు జైల్లోనే నెరిసింది.

"ప్రతి జూన్‌లో అడిగేదాన్ని," అంది వెర్నా గేరు మారుస్తూ. "ఎల్డన్, మావాణ్ణి బయటికి తీసుకురావయ్యా అని. 'వెర్నా, నేను వాషింగ్టన్‌లో చట్టాలు చేసేవాణ్ణి. ఆ జైలు రాష్ట్రానిది. వదలగలిగేది గవర్నరు ఒక్కడే' అనేవాడు. నిజమే కదా."

నిజమే. మన గవర్నర్లను చూసినవాళ్లకు ఇది వింతగా ఉంటుంది గాని, ఇక్కడి గవర్నరు రాష్ట్రాన్ని స్వయంగా ఏలేవాడు. ఖైదీని వదలాలన్నా అతని సంతకమే. పూర్వం రాజులకు కొడుకు పుడితే చెరసాలలు తెరిచేవారని ఎక్కడో చదివాను. పుట్టకపోతే లోపలున్నవాళ్ల గతేమిటని ఆ పుస్తకంలో లేదు.

ఎల్డన్ సెనేటు వదిలి గవర్నరుగా నిలబడతానన్నప్పుడు ఊళ్లో అందరూ ముక్కున వేలేసుకున్నారు. అంత పెద్ద పదవి వదులుకుని ఇక్కడికెందుకు? వెర్నాకు మాత్రం కారణం తెలుసు. అంటే, తెలుసనుకుంది. ఆ చలికాలమంతా మంచులో గడపగడపా తిరిగింది. తలుపులు మొహాన వేసినా, కుక్కలు తరిమినా మానలేదు. ఎల్డన్ గెలిచాడు. లైల్ క్షమాభిక్ష దరఖాస్తు విన్న సంఘం వదిలేయవచ్చని గవర్నరుకు రాసింది. అప్పటినుంచీ సంతకం ఒక్కటే మిగిలింది.

"ఆఫీసుకు ఫోన్ చేస్తే ఎవరో పిల్ల 'చూస్తున్నాం మేడమ్' అంటుంది. ఏం చూస్తున్నారో! అందుకే నేనే చూద్దామని."

లిండల్ పాక ముందు పెద్ద వరుస. మేమూ పళ్లేలు పట్టుకుని నిలబడ్డాం. పెనం వెనక గవర్నరు చెమటలు కక్కుతున్నాడు.

"వెర్నా! నీ పిండి ముందు లిండల్ పిండి ఎందుకూ పనికిరాదు!"

"పిండి సంగతి తర్వాత ఎల్డన్. లైల్ సంగతి చెప్పు."

ఆయన గొంతు తగ్గించాడు. "అది ఇక్కడ మాట్లాడేది కాదమ్మా."

"అక్కడ మాట్లాడనివ్వడం లేదుగా."

వెనకనుంచి ఎవరో అరిచారు. "ముందుకు జరగండమ్మా, మా పిల్లలకు ఆకలి!"

గవర్నరు ఆమె పళ్లెంలో రెండు ప్యాన్‌కేకులు వేశాడు. "చూడు వెర్నా, నీ దగ్గర దాపరికం దేనికి. దేశమంతా నావైపు చూస్తోంది. రేపు ఇంకా పెద్ద ఎన్నిక వస్తే, హంతకుణ్ణి వదిలినవాడని నా మొహం టీవీలో వేస్తారు. అసలు నేను సెనేటరుగానే ఉండుంటే, లైల్ కోసం గవర్నరుకు గట్టిగా రాసేవాణ్ణి."

"ఉన్నావుగా, పద్దెనిమిదేళ్లు. రాశావా?"

"అప్పటి గవర్నర్లు నా మాట వినేవాళ్లు కాదు."

"ఇప్పటి గవర్నరు వింటాడా?"

ఆయన పెనం మీద ఇంకో గరిటె పిండి పోశాడు. ఫొటోగ్రాఫరు పరుగెత్తుకొచ్చాడు. "గవర్నరు గారూ, మేడమ్, ఇటు చూడండి! కాస్త దగ్గరగా, పాత స్నేహితుల్లా!"

వెర్నా కెమెరావైపు చూడలేదు. పళ్లెం ఎల్డన్ చేతిలో పెట్టింది. ఒక చేత్తో పళ్లెం, ఒక చేత్తో అట్లకాడతో ఆయన నిలబడ్డాడు, పెనం మీద పిండి పొగలు కక్కుతోంది.

"వెర్నా," అన్నాడు. నేనూ పిలిచాను.

ఆమె వరుసను చీల్చుకుని, ట్రక్కులు నిలిపిన గడ్డిబీటివైపు నడిచింది. దారిలో ఎదురైన లిండల్ భార్య చెయ్యి చాపితే అందుకోలేదు. ఎల్డన్‌తో గాని, నాతో గాని వెళ్తున్నానని చెప్పలేదు.