గోరు మీద నిలిచిన నూనె

మా బాపు పాలను గోరు మీద చూస్తాడు. బొటనవేలి గోరు మీద ఒక చుక్క వేసి వేలు వంచుతాడు. చుక్క నిలిస్తే పాలు, జారితే నీళ్లు. గౌలిపురలో మా ఇంటి పాలకు పేరుందంటే ఆ గోరు వల్లనే అని ఆయన నమ్మకం. నాకూ నమ్మకమే. కాకపోతే లోకంలో ఉన్నవన్నీ ఆ గోరు మీదికే తెస్తాడు, అదే నా బాధ.

నిరుడు ఎండాకాలంలో అమ్మ కుడి భుజం పట్టేసింది. ముప్పై ఏళ్లు బర్రెల గడ్డి కత్తిరించే చక్రం తిప్పిన భుజం అది. ఇక చక్రం ముట్టొద్దన్నాడు డాక్టరు. పాకలో కరెంటు సరిగా ఉండదు కాబట్టి పెట్రోలు ఇంజిన్‌తో నడిచే గడ్డి మిషన్ కొన్నాను. తాడు లాగితే స్టార్టవుతుంది. ఇంజిన్‌లో పోసే ఆయిల్ తెచ్చే పని బాపు తన మీద వేసుకున్నాడు. దుకాణంలో నాలుగు డబ్బాల మూతలు తీయించి, ఒక్కో చుక్క గోరు మీద వేయించుకుని, కదలకుండా కూర్చున్న ఆయిల్ పట్టుకొచ్చాడు.

"నూనె అంటే గిట్లుండాలె. తక్కినయన్నీ నీళ్లు కలిపినయే," అన్నాడు.

ఏ ఆయిల్ పోయాలో మిషన్‌తో వచ్చిన చిన్న పుస్తకంలో రాసే ఉంది. నేను దాన్ని తెరిచి కూడా చూడలేదు. బాపు గోరును కాదని పుస్తకం తిరగేసే ధైర్యం మా ఇంట్లో ఎవరికుంది?

ఎండల్లో మిషన్ బాగానే నడిచింది. చలి మొదలైంది. పొద్దున్నే నేనూ బాపూ చెరో వైపు పాలు పోయడానికి వెళ్తాం, మిషన్ అమ్మ నడుపుతుంది. మేం తిరిగొచ్చేసరికి గడ్డి కత్తిరించి ఉండేది. మిషన్ భేషుగ్గా ఉందని మురిసిపోయాను. ట్యాంకులో పెట్రోలు పోసింది పోసినట్టే ఉందని పది రోజులకు గానీ నా బుర్రకు తట్టలేదు.

మర్నాడు తొందరగా ఇంటికొచ్చాను. అమ్మ ఎడమ చేత్తో పాత చక్రం తిప్పుతోంది. కుడి చెయ్యి కొంగులో చుట్టుకుంది. నాకు కోపం నెత్తికెక్కింది.

"గా మిషన్ లేస్తలేదు బిడ్డా," అంది. "చలికి నూనె ముద్దయి తాడు కదలదు. లాగి లాగి భుజం మల్ల గుంజుతది."

"మరి చెప్పొద్దా?"

"ఏమని చెప్పాలె? మీ బాపు గోరు మీద చూసి తెచ్చిండు. నూనె తప్పంటే పాలు గూడ తప్పన్నట్లయితది గద."

వెనక్కి తిరిగితే, ఖాళీ క్యాన్లతో బాపు గుమ్మంలో ఉన్నాడు. అంతా విన్నాడు.

ఇద్దరం ఇంజిన్ విప్పి ఫలక్‌నుమాలో మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లాం. అతను ఆయిల్ చూసే పుల్ల బయటికి లాగి నవ్వాడు. "క్యా భాయ్, పాత లారీలల్ల పోసే నూనె ఈ చిన్న ఇంజిన్ల పోస్తరా? చల్లగైతే ఇంక చిక్కగైతది, తాడు ఎట్ల వస్తది? దీనికి పల్చటి ఫోర్ స్ట్రోక్ ఆయిల్ కావాలె. పుల్ల మీద రెండు గీతల నడుమ ఉంటే బస్, చాలు. నసీబు మంచిగుంది, ఇంజిన్ ఖరాబ్ కాలే." పాత ఆయిల్ అంతా అతనే దింపేశాడు.

దుకాణంలో బాపే అడిగాడు. "పల్చటిది ఇయ్యి." ఆ మాట అనేముందు అటూ ఇటూ చూసుకున్నాడు, పాల గిరాకీ ఎవరైనా వింటారేమోనని. నాకు నవ్వూ వచ్చింది, జాలీ వేసింది.

ఇంటికొచ్చి ఇంజిన్ బిగించాక అలవాటు మానలేక గోరు మీద ఒక చుక్క వేసుకున్నాడు. అది జారి మణికట్టు దాకా పోయింది. తువ్వాలుతో తుడుచుకుని, పై గీత దాటకుండా ఆయిల్ పోశాడు. అమ్మ ఎడమ చేత్తో తాడు లాగింది. ఒక్క లాగుకే స్టార్టయింది. అమ్మ మొహం చూసి నాకు కడుపు నిండిపోయింది.

బాపు మాత్రం పానా తెచ్చి పాత చక్రం పిడి విప్పాడు. అమ్మ అరచేతుల కింద నున్నగా అరిగిన కర్ర అది. దాన్ని అమ్మకు అందకుండా పాక చూరులో దోపాడు.

"నా గోరు పాల దాంకనే," అన్నాడు అమ్మతో. "ఇగ నొస్తే నాకు చెప్పు."