మన పాప కాదన్న రోజు

నేను చెబుతున్నాను, మా కోడలు రాస్తోంది. నాకు సంతకం ఒక్కటే వచ్చు. మిగతా అక్షరాలు పిల్లల పలకల మీద చూసినవే కానీ చేతికి పట్టుబడలేదు.

ఒక గుంట, చిన్న ఆడపిల్ల, మా అంగన్‌వాడీకి రావడం మానేసింది. నా వల్ల మానేసింది. చెప్పాలనుకున్నది ఇంతే. కానీ ఇంతే అని వదిలేస్తే నేను చేసింది ఎవరికీ అర్థం కాదు, అందుకని మొదటినుంచీ చెబుతాను.

అనంతగిరి దాటాక తారు రోడ్డు వదిలి, కాఫీ తోటల మధ్యనుంచి కొండెక్కితే మా ఊరు వస్తుంది. మా ఆయన జ్వరంతో పోయిన ఏడాది ఊరి పెద్దలు మాట్లాడి నన్ను అంగన్‌వాడీలో ఆయాగా పెట్టించారు. పొద్దున్నే ఇళ్ళకు వెళ్ళి పిల్లల్ని పట్టుకురావాలి. ముక్కులు తుడవాలి. అన్నం, పప్పు వండాలి, గుడ్లు ఉడకబెట్టాలి, ఏడ్చిన వాళ్ళను ఎత్తుకోవాలి. చదువు చెప్పేది టీచరమ్మ. ఆవిడది ఎస్.కోట వైపు పల్లె. మంచి మనిషే. ఆవిడకు తెలుగు తప్ప రాదు. మా పిల్లలకు ఇంట్లో మాట్లాడే కువి తప్ప రాదు. మధ్యలో నేనుండేదాన్ని. ఆవిడ ‘కూర్చోండి’ అంటే నేను కువిలో చెప్పాలి, వాళ్ళు ‘దాహం’ అంటే నేను తెలుగులో చెప్పాలి. అది కూడా ఒక పనేనని నాకెప్పుడూ తోచలేదు. ఎవరూ అనలేదు కూడా.

ఆ గుంటకు నాలుగేళ్ళు. కుదురుగా కూర్చునే రకం కాదు. నేను గడపలో అడుగు పెట్టేసరికే నేలమీద అడ్డాకులు పరిచేసి సంత పెట్టేసేది. చింతపిక్కలు ఒక కుప్ప, రేగుపిక్కలు ఒక కుప్ప, గులకరాళ్ళు ఒక కుప్ప. కొలవడానికి ఎండిన ఆనపబుర్ర అడుగు ముక్క. కొనడానికి వచ్చిన కొండమనిషి గొంతుతో కువిలో బేరమాడేది, వెంటనే షావుకారు గొంతుతో, సంతలో విన్న తెలుగులో కసిరేది. రెండు గొంతులూ తనవే. ‘ఇదేటి కొలత, బుర్ర నిండనేదు!’ అని తనమీద తనే అరుచుకుంటుంటే టీచరమ్మ పొట్ట పట్టుకుని నవ్వేది. మిగతా పిల్లలు చుట్టూ చేరి కొనుక్కునేవాళ్ళు. ఇరవై దాకా లెక్క వాళ్ళకు అక్కడే వచ్చింది. ఎక్కువ, తక్కువ, సగం, అన్నీ అక్కడే. నేను మాత్రం ఆట అనుకున్నాను. చదువంటే గోడమీద పటమని, పాటకు చేతులు ఊపడమని నా లెక్క.

సెంటర్లకు మార్కులు వేసేవాళ్ళు ఆఫీసునుంచి వస్తారన్న కబురు వచ్చింది. అంతకు ముందు ఏడాది వచ్చినాయన మాకు తక్కువ వేసి వెళ్ళాడు. ఇలాగే ఉంటే ఈ సెంటర్‌ను తీసి కింద రోడ్డు పక్క దాంట్లో కలిపేస్తారని చెప్పాడు. కిందకు వెళ్ళాలంటే రెండు గెడ్డలు దాటాలి. వానాకాలంలో ఆ నీళ్ళలో పెద్దవాళ్ళే ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని దాటుతారు. మూడేళ్ళ పిల్లలు ఏం దాటుతారు? ఆ భయం నన్ను పట్టుకుంది. భయపడ్డ మనిషి ఎంత మంచి మనసుతోనైనా చెడ్డ పని చేసేస్తుంది, చేశాక తెలుస్తుంది.

“అప్పా, ఈసారి లెక్కంతా ఫోన్లో పెట్టుకుని వత్తారట. గోడలకి మార్కులట, బొమ్మలకి మార్కులట, పిల్లల మాటలకీ మార్కులట,” అంది టీచరమ్మ. నన్ను అక్క వరసలో అప్పా అంటుంది. “ఆ పిక్కలూ పుల్లలూ సెత్తలాగున్నాయి. తీసీ.”

“ఆఫీసోల్లిచ్చిన బొమ్మలు దింపమంటావా?”

“అమ్మో, వద్దు! విరిగితే ఎవులు జవాబు సెప్పుకోవాలి? సూడ్డానికి మేకుకే అందంగున్నాయి.”

ఆ ప్లాస్టిక్ బాతులు, రంగు రింగులు వచ్చిన నాటినుంచి కవరులోనే మేకుకు వేలాడుతున్నాయి. పిల్లలు తలెత్తి చూసేవాళ్ళు, దేవుడి పటాన్ని చూసినట్టు.

నేను పిల్లలకు నేర్పడం మొదలుపెట్టాను. ‘నమస్తే అండి.’ ‘కావాలండి.’ ‘వద్దండి.’ వారం రోజులు ఇదే. కువి మాట వినబడితే నోటిమీద వేలు పెట్టుకుని చూపించాను. ఆ గుంట అందరికన్నా ముందు నేర్చుకుంది. ‘అండి’ అనేటప్పుడు మెడ పక్కకు వంచేది. కానీ వేలు పెడితే ఆగే నోరు కాదు దానిది. వచ్చినవాళ్ళ ముందు కువిలో సంత మొదలెడితే మా సెంటర్ పోతుందని నాకు అనిపించింది.

దాన్ని పంపేయమని టీచరమ్మ అనలేదు. ఆ మాట నిజంగా చెప్పాలి. అది నా బుర్రలో పుట్టిందే.

ఆ రోజు పొద్దున్న అది గుమ్మం దగ్గరకు వచ్చేసరికి నేను పిక్కల బుట్ట ఎత్తుకుని వెనకాల బూడిద కుప్ప మీద పోయడానికి వెళుతున్నాను. ‘ఇవాళ సంత లేదు, ఇంటికి వెళ్ళు, రేపు గుడ్డు పెడతాను’ అని కువిలో చెప్పాను. నా ముఖం చూసింది, బుట్ట చూసింది. వెనక్కి తిరిగింది. వెళ్ళిపోయిందనుకున్నాను.

మార్కులు వేయడానికి వచ్చినామె చిన్న వయసు ఆడమనిషి. చెప్పులనిండా బురద. కుర్చీ వేస్తే కూర్చోలేదు, పిల్లల పక్కన చాపమీద కూర్చుంది. మేకునున్న కవరు తనే దింపి, బాతు తీసి ఒక పిల్ల చేతిలో పెట్టింది. ఆ పిల్ల దాన్ని పచ్చిగుడ్డులా రెండు చేతులతో పట్టుకుని కదలకుండా ఉండిపోయింది. “ఇదేంటి నాన్నా?” అని ఇంకొకణ్ణి అడిగితే “నమస్తే అండి” అన్నాడు. ఆమె నవ్వేసింది.

“ఆయమ్మా, పిల్లలతో మీరు ఏ భాష మాట్లాడతారు?”

“తెలుగే మేడమ్. మరో బాస నాకు రాదు,” అన్నాను.

ఆమె ఫోన్లో ఏదో నొక్కింది. అప్పుడే వెనకనుంచి వినబడింది, కువిలో బేరం, తెలుగులో కసురు. ఇంటికి వెళ్ళలేదది. బూడిద కుప్ప దగ్గర కూర్చుని, నేను పారబోసిన పిక్కలే ఏరుకుని సంత పెట్టింది.

ఆమె లేచి కిటికీ దగ్గరకు వెళ్ళింది. “ఎంత బాగా ఆడుతోంది! రెండు భాషలు మాట్లాడుతోంది చూడండి. మన పాపేనా?”

టీచరమ్మ నోరు తెరిచేలోపు నేనే అనేశాను. “కాదు మేడమ్. మన పాప కాదు. ఊరికినే వచ్చీసినాది.”

ఆ గుంట తలెత్తింది. కిటికీలోంచి నన్ను చూసింది. ఆ తెలుగు దానికి అర్థమైంది. అర్థమయ్యేలా నేర్పింది నేనే. చేతులకున్న బూడిద గౌనుకు తుడుచుకుంది, ఆనపబుర్ర ముక్క ఒక్కటే తీసుకుని వెళ్ళిపోయింది. పిక్కలు అక్కడే ఉన్నాయి, కుప్పలు కుప్పలుగా.

వచ్చినామె వెళుతూ వెళుతూ చెప్పింది. “పిల్లల ఇంటి భాష తెలిసిన మనిషి సెంటర్లో ఉంటే దానికి మార్కుందమ్మా. మీరు రాదన్నారు, నేనేం చెయ్యను? ఆట సామాను కొనక్కర్లేదు. వెనకాల ఆ పాప ఆడుతున్నవి చాలు. పిల్లల చేతికి అందాలి, అంతే.”

ఆమె మలుపు తిరిగేదాకా టీచరమ్మ ఆగింది. తరవాత నా మీద విరుచుకుపడింది.

“కువి నీకు రాదా? నీకు రాకపోతే మరెవులికొచ్చప్పా? మన కోడికొచ్చా?”

నేను పొయ్యి దగ్గరకు వెళ్ళి కూర్చున్నాను. పొయ్యిలో నిప్పు కూడా లేదు.

మార్కులు బొటాబొటిగా వచ్చాయి. సెంటర్ ఉండిపోయింది. గుంట రాలేదు.

మా ఊళ్ళో ఒక పద్ధతుంది. ఒక మనిషిని ‘నువ్వు మా మనిషివి కాదు’ అని ఎవరైనా అంటే, అన్న నోరే వెళ్ళి పిలవాలి. చేటలో గుప్పెడు సామలు పోసుకుని ఆ ఇంటి గుమ్మం బయట కూర్చోవాలి. మాట పడ్డ మనిషి వచ్చి ఆ గింజలు చేతిలోకి తీసుకుంటే కోపం తీరినట్టు. అన్నదమ్ముల మధ్య, వియ్యపురాళ్ళ మధ్య చేట పట్టుకెళ్ళడం చూశాను. నాలుగేళ్ళ పిల్లకు చేట పట్టుకెళ్ళడం ఎప్పుడూ చూడలేదు. చిన్నపిల్ల, రెండు రోజుల్లో మరిచిపోతుంది, ఆకలేస్తే అదే వస్తుందనుకున్నాను. పక్కింటి పిల్ల చేతికి దాని వంతు గుడ్డు ఇచ్చి పంపాను.

గుడ్డు తిరిగి వచ్చింది. దాంతోపాటు గుంట వాళ్ళ అమ్మే వచ్చింది.

“మీ సెంటర్ పాప కాదంట కదా! మరి గుడ్డెందుకు పంపీసినావు? లెక్క తప్పిపోదా?”

“అలగనకే. బయటోల్ల ముందు ఏదో అన్నాను.”

“బయటోల్ల ముందే కదేటి మన మనిసి అనాలి! ఇంట్లో అందరూ మనోల్లే.”

గుడ్డు నా చేతిలో పెట్టి వెళ్ళిపోయింది.

అయినా చేట పట్టుకుని వెంటనే వెళ్ళలేదు. సిగ్గు. ఊరంతా చూస్తుంది, ఇంత వయసుండి చిన్నగుంట గుమ్మంలో కూర్చుందంటారని. రేపు, ఎల్లుండి అనుకుంటూ కాఫీ పళ్ళు కోసే రోజులు వచ్చేదాకా నెట్టుకొచ్చాను. అప్పటికి ఆ గుంట తల్లి వెంట తోటకు వెళ్ళడం అలవాటు చేసుకుంది. చెట్టు కింద రాలిన పళ్ళు ఏరేదట.

ఒక ఆదివారం చేట పట్టుకెళ్ళాను. గుమ్మంలో వాళ్ళ నాన్న కూర్చుని బుట్ట అల్లుతున్నాడు.

“సేట ఎవులికే? నాకా?” అన్నాడు నవ్వుతూ.

“నీకెందుకు, నీ కూతురికి.”

అతని నవ్వు ఆగిపోయింది. చేతిలో వెదురుబద్ద పక్కన పెట్టి, లోపలికి తిరిగి కూతుర్ని పిలిచాడు. “వొలే, బేగి రా. ఆయమ్మ నీకోసం వొచ్చినాది.”

వచ్చింది. కొంచెం పొడుగైంది. చేటలో సామలు చూసింది. నేను కువిలో చెప్పాను. తప్పు నాదే తల్లీ, గింజలు తీసుకో, పిక్కలన్నీ ఏరి కడిగి ఉంచాను, రా అన్నాను. అది మెడ పక్కకు వంచింది.

“వద్దండి,” అంది.

తెలుగులో. బయటనుంచి వచ్చినవాళ్ళతో మాట్లాడటానికి నేను నేర్పిన మాటతో. లోపలికి వెళ్ళిపోయింది. వాళ్ళ నాన్న బలవంతపెట్టలేదు. చేట చేత్తో పట్టుకుని నేను తిరిగి వచ్చాను. ఆ సామలు వండుకోవడానికి చేతులు రాలేదు, కోళ్ళకు వేశాను.

ఆ తరవాత మా సెంటర్ బాగుపడింది. బొమ్మలు కిందికి దిగాయి, రెండు బాతులు విరిగాయి, ఎవరూ మమ్మల్ని ఏమీ అనలేదు. చింతపిక్కలకు బుట్టలు పెట్టాం, పిల్లల మోకాలంత ఎత్తులో. టీచరమ్మ నా దగ్గర కువి నేర్చుకుంటోంది. తప్పులు మాట్లాడితే పిల్లలు నవ్వుతారు, ఆవిడా నవ్వుతుంది. ఇప్పుడు మాకు మంచి మార్కులు వస్తున్నాయి. ఏ సామాను చూసినా, ఏ ఆట చూసినా ఇదంతా ఆ గుంట చేతుల్లోంచి తీసుకున్నదేనని నాకు తెలుసు. మార్కులు వేసేవాళ్ళకు తెలియదు.

మొన్న మార్కులు వేయడానికి వచ్చినాయన అడిగాడు, మధ్యలో మానేసిన పిల్లలు ఎవరైనా ఉన్నారా అని. టీచరమ్మ రిజిస్టరు తిప్పి లేరంది. అబద్ధం కాదు. ఆ పేరు ఎప్పటిదో పాత రిజిస్టరులో ఉండిపోయింది.

“ఒకర్తుంది బాబూ,” అన్నాను నేను. “రాసుకో. నేనే మన పాప కాదన్నాను.”

మొత్తం చెప్పాను. ఆయన ఓపిగ్గా విన్నాడు, పాపం. చివరకు ఫోన్ చూసుకుని, “ఆ పాపకిప్పుడు వయసు దాటిపోయింది కదమ్మా. ఇందులో వెయ్యడానికి చోటు లేదు,” అన్నాడు.

వయసు దాటిపోయింది, నిజమే. హాస్టలున్న ఆశ్రమ బడిలో వేశారు, నెల తిరక్కుండా వచ్చేసింది. మాస్టారు ఏదో అడిగితే నోరు విప్పేది కాదట. ఆ గుంట నోరు విప్పకపోవడమేమిటని ఊళ్ళో అందరూ వింతపడ్డారు. నేను పడలేదు.

ఇప్పుడు వారం వారం సంతలో తల్లి పక్కన కూర్చుని చింతపండు అమ్ముతుంది. నిజం సంత. కొండవాళ్ళు వస్తే కువిలో నవ్వుతుంది, పరాచికాలాడుతుంది, ముసలమ్మలను కూడా వదలదు. ‘ఇదేటి కొలత’ అని ఎవరైనా అంటే వాళ్ళ నోరు మూయిస్తుంది. నేను కొంచెం దూరంలో నిలబడి అదంతా వింటాను. వినడం అయ్యాక వెళ్ళి ముందు కూర్చుని కువిలో అడుగుతాను, ఎలా ఉన్నావని, చింతపండు ఎలా ఇస్తున్నావని. ఒక్కసారి కువిలో తిడితే బాగుండునని ప్రతి వారం అనుకుంటాను.

తిట్టదు. కొలత నిండుగా పోస్తుంది, ఒక పిడికెడు పైన వేస్తుంది, మెడ పక్కకు వంచుతుంది.

“ఇంకేం కావాలండి?” అంటుంది.