అత్తగారి నాటకం పాతదేనని తేలిన రోజు

మొన్న ఆదివారం సెంగ్‌కాంగ్‌లో మా అమ్మాయి ఇంటికి భోజనానికి వెళితే, అది టీవీలో ఏదో దూరదేశపు నాటకాల బహుమతుల పండగ పెట్టుకుని కూర్చుంది. పాటలున్న నాటకాలకే రెండు బహుమతులిచ్చారు. ఒకటి కొత్త నాటకానికట, రెండోది పాత నాటకాన్ని మళ్లీ కట్టినందుకట. అందరికీ తెలిసిన సినిమా కథకు జనం నోళ్లలో ఎప్పుడో నానిన పాటలు కూర్చి ఆడితే అది కొత్తదెలా అయిందని నేను ఊరుకోలేక అడిగాను. "స్టేజ్ మీద ఫస్ట్ టైమ్ కదమ్మా, సో న్యూ లా" అంది ఇక్కడి యాసలో. మరి ఎప్పుడో కొన్నాళ్లు ఆడి ఆగిపోయి, అందరూ మరచిపోయాక మళ్లీ ఆడితే? అది పాతదేనట. ఇంకా చిత్రమేమిటంటే, ఆ పండగ జరిగే ఊరి పెద్ద రంగస్థలం మీద ఒక్కసారి కూడా పడకపోయినా, లోకమంతా ఎరిగినంత ప్రసిద్ధమైనదైతే దాన్ని కూడా పాతవాటిలోనే కూర్చోబెడతారట. అదంతా ఒక కమిటీ కూర్చుని తేలుస్తుందట.

కమిటీ అనగానే నాకు నవ్వొచ్చింది. ఆ కమిటీలో ఎవరుంటారో నేనెరగను గానీ, వాళ్లు పడే తగువు మాత్రం నాకు బాగా తెలుసు. బుకిట్ పంజాంగ్‌లో మా బ్లాకు కింద రాతి బల్లల దగ్గర మేం ఆ తగువంతా పడ్డాం. మా అమ్మాయి అప్పుడు చంకలో పిల్ల, అందుకని దానికి గుర్తుండే అవకాశం లేదు.

మీలో ఆ రోజుల్లో ఇక్కడ దిగినవాళ్లుంటే వేరే చెప్పక్కర్లేదు. దిగిన ప్రతి విమానంలోనూ కంప్యూటరు నేర్చిన మనవాడొకడు ఉండేవాడు. మావారూ నేనూ ఇద్దరం ఒక బ్యాంకు పనిలో చేరాం. ఆ బ్యాంకు పాత ప్రోగ్రాములు సంవత్సరాన్ని రెండంకెల్లోనే రాసుకునేవి, వాటికి రాబోయే శతాబ్దాన్ని గుర్తుపట్టడం నేర్పాలి. అదీ మా ఉద్యోగం. పాతదాన్ని బాగుచేసి తిన్న అన్నమే మాది. అయినా ఆ ఏడు మా అందరికీ కొత్త అన్న మాట మీద పట్టిన పిచ్చి ఇంతా అంతా కాదు. కొత్త ఫ్లాటు, కొత్త సోఫా, ఉగాదికి కొత్త నాటకం.

మా తెలుగు సంఘంలో అంతకుముందు ఉగాదికి ఎవరో ఒకరు రెండు పద్యాలు పాడి, ఒక రంగం ఆడి, పులిహోర పెట్టించేవారు. మనవాళ్లు పెరిగేసరికి నాటక బృందాలు పుట్టాయి, బృందాలు పుడితే పోటీ పుడుతుంది కదా. మొదటి ఏడు ఒకే బహుమతి పెడితే, పేరున్న పాత పద్యనాటకం పాడినవాళ్లు దాన్ని ఎగరేసుకుపోయారు. సొంతంగా రాసి, సొంతంగా బాణీలు కట్టుకున్నవాళ్లు అలిగారు. తాతల కాలం నుంచి జనం చెవుల్లో ఇల్లు కట్టుకున్న పద్యంతో మా నిన్నటి పాట ఎలా పోటీ పడుతుందని వాళ్ల వాదన, అందులో న్యాయముంది. అందుకని మరుసటి ఏడు బహుమతిని రెండు చేశారు. కొత్త సంగీత నాటకానికి ఒకటి, పాతదానికి ఒకటి. కొత్తదాంట్లో గెలిచినవాళ్లు ఊళ్లోని పెద్ద థియేటరులో, అసలైన లైట్ల కింద ఇంకోసారి ఆడతారు. పాతదాంట్లో గెలిస్తే ఒక షీల్డు, అంతే. అయితే పాతవాటికి ఒక మర్యాద ఉండేది. దాన్ని పెట్టింది మా సంఘం కార్యదర్శి అంకుల్. ఆయన తండ్రి హయాం నుంచి ఇక్కడే పాతుకుపోయిన మనిషి, సగం మాట అరవంలో, పావు మాట మలయ్ భాషలో, మిగిలింది తెలుగులో మాట్లాడేవారు. ముందు ఆడినవాళ్ల పేరు చెప్పకుండా పాత నాటకానికి తెర తీయకూడదని ఆయన పట్టుదల.

మావారికి పెద్ద థియేటరు మీద మనసు పడింది. చేతిలో నాటకం కూడా ఉందనుకున్నారు. ఆయన మేనమామ, అంటే మా అత్తగారి అన్నయ్య, వయసులో ఉండగా ఒక నాటకం రాశారని, అది ఎక్కడా పడకుండా పెట్టెలోనే ఉండిపోయిందని ఆయన చిన్నప్పటి నుంచి విన్న మాట. ఆ మేనమామ అప్పటికే లేరు, పెట్టె సంగతి ఎవరికీ తెలియదు. కానీ పిల్లను చూసుకోవడానికి వచ్చిన మా అత్తగారికి ఆ నాటకం మొదటి నుంచి చివరిదాకా నోటికి వచ్చు. కృష్ణ రేవులో పడవ నడిపే ఒక ఆడమనిషి, రేవు కూలి ఇవ్వకుండా దాటతానన్న రాజును నది మధ్యలో ఆపేసే కథ. పద్యాలు, పాటలు, మధ్యలో కొంచెం హాస్యం. వింటుంటే ఇవాళ్టి కథలాగే ఉండేది.

మా అత్తగారిని గురించి ఒక మాట చెప్పాలి. ఆవిడ సన్నగా, నెమ్మదిగా ఉండే మనిషి, పదిమందిలో నోరు విప్పేది కాదు. కానీ పాట ఎత్తుకుంటే గొంతు దిగేది కాదు. మా పిల్లకు లాలిపాట పాడినా ఆఖరి బెంచీలో కూర్చున్నవాడికి వినపడేలా పాడేది. పిల్ల నిద్రపోవడం మాట అటుంచి, పై అంతస్తు వాళ్లు కూడా లేచి కూర్చునేవాళ్లు. పెళ్లికి ముందు ఇంట్లో సంగీతం నేర్చుకుందని మా అత్తవారింట్లో చెప్పుకునేవారు. నేనూ అదే నమ్మాను.

పడవ మనిషి వేషం నాకిచ్చారు. మా కింది అంతస్తులో ఉండే హైదరాబాదు భాయ్ హార్మోనియం పట్టారు. ఆయన కూడా బ్యాంకు ఉద్యోగే, సెలవు రోజుల్లో వాళ్లింట్లో కవ్వాలీలు పాడేవారు. అత్తగారు నాకు పద్యాలు నేర్పుతూ, కొన్నిచోట్ల పద్యం అవగానే చెయ్యెత్తి ఆపేది. తరవాతి మాట అననిచ్చేది కాదు. ఇక్కడ జనం వన్స్‌మోర్ అంటారు, వాళ్లకు సందివ్వాలి అనేది. భాయ్ రెండు మూడు సార్లు చూసి, హార్మోనియం మీద చేతులు ఆపి, "అమ్మా, ఈ డ్రామా ఎన్నడూ ఆడలేదంటిరి కదా. పబ్లిక్ ఈడనే వన్స్‌మోర్ అంటరని మీకెట్ల ఎరుక?" అన్నారు. ఆవిడ నవ్వి, పిల్ల ఏడుస్తోందంటూ లోపలికి వెళ్లిపోయింది. పిల్ల ఏడవడం లేదు.

ఆ సాయంత్రం వంటింట్లో బీరకాయ చెక్కు తీస్తూ ఆవిడే చెప్పింది. ఆ నాటకం పడింది. కుప్పనూర్పులయ్యాక ఒక శీతాకాలమంతా వాళ్లన్నయ్య సమాజం చుట్టుపక్కల ఊళ్లన్నీ తిరిగింది. ఆడవేషం కట్టే అతను జ్వరంతో మంచాన పడితే అన్నయ్య చెల్లెలికే రంగు వేశాడు. ఆ వేషం నాలుగు ఊళ్లలో పేరు తెచ్చుకున్నాక ఇక వేరేవాళ్లకు ఇవ్వడం కుదరలేదు. మరుసటి వేసవిలో మా మామగారి సంబంధం వచ్చింది. ముఖానికి రంగేసుకున్న పిల్ల అంటే వాళ్లు ఒప్పుకోరని మధ్యవర్తి చెప్పడంతో, పెద్దలందరూ కలిసి ఆ శీతాకాలాన్ని చుట్టచుట్టి అటక మీద పెట్టేశారు. నాటకం ఎక్కడా పడలేదన్న మాట అప్పుడు పుట్టింది. మామగారికి తరవాత తెలిసిందట. ఆయన కోప్పడలేదు, ఆ సంగతి ఇంక ఎత్తవద్దని మాత్రం అన్నారట.

"అబ్బాయికి చెప్పకమ్మాయ్" అంది ఆవిడ. "వాడికి నేను అమ్మనంతే. ఈ వయసులో ఇదేమిటి అనుకుంటాడు."

నేను చెప్పలేదు. చెప్పే హక్కు నాది కాదు. కానీ ఆ రోజు నుంచి నాకు నిద్ర సరిగా పట్టలేదు. నాటకం కొత్తదని నిలబడాలంటే ఆవిడ జీవితంలో అందరికంటే బాగా వెలిగిన ఆ నాలుగు నెలలు జరగలేదని సంఘం ముందు ఇంకోసారి ఖాయం చేయాలి. ఒకసారి పెళ్లి కోసం చెరిపేశారు. ఇప్పుడు కొడుకు సరదా కోసం చెరపాలి. పైగా ఆ కొడుక్కి తను ఏం చెరుపుతున్నాడో తెలియదు.

ఆదివారం సాయంత్రం మా బ్లాకు కిందే సమావేశం. కుర్చీలు చాలక కొందరు ముందే వచ్చి రాతి స్టూళ్ల మీద టిష్యూ ప్యాకెట్లు పెట్టి, ఈ దేశపు పద్ధతిలో చోటు చోప్ చేసుకున్నారు. తగువు మొదలైంది. ఒక బృందం పాత పద్యాలకు కొత్త రాగాలు కట్టింది. వాళ్లు తమది కొత్తదంటారు. ఇంకో బృందం కొత్త కథను పాత బాణీల్లోకి దింపింది. వాళ్లూ కొత్తదనే అంటారు. అందరూ ప్రోగ్రాములు రాసేవాళ్లే కాబట్టి, ఇది కొత్త రిలీజా, పాతదానికి మరమ్మతా అని వాదించుకున్నారు. ఇంటికి వెళ్లినా ఆఫీసు వదలదంటే ఇదే. చివరికి అంకుల్ విసిగిపోయి, బాణీల గొడవ నాకొద్దు, కథ ఎక్కడైనా జనం ముందు పడిందా లేదా అన్నదే లెక్క అని తేల్చేశారు. పాతదని తేలితే తెర తీసేముందు మొదట ఆడినవాళ్ల పేరు చదువుతానని మరోసారి గుర్తుచేసి, ఒక్కొక్క బృందాన్నీ వరసగా అడిగారు.

మా వంతు వచ్చింది. మావారు లేచి, ఎక్కడా పడలేదు, ఇదే మొదటిసారి అన్నారు. ఆయన అబద్ధం ఆడలేదు, తనకు తెలిసింది చెప్పారు. నేను స్తంభం పక్కన పిల్లను భుజాన వేసుకుని నిలబడ్డ మా అత్తగారి వంక చూశాను. ఆవిడ నా వంక చూడలేదు.

"పడింది నాయనా" అంది. ఆ గొంతు ఆఖరి బెంచీ దాకా వెళ్లేదే కదా, అందరికీ వినపడింది. "మా ఊళ్ల వైపు ఓ శీతాకాలమంతా ఆడాం. పడవ మనిషి వేషం నేనే కట్టాను."

మావారి ముఖం ఎర్రబడింది. అది కోపమో సిగ్గో నాకు అర్థం కాలేదు. ఆ ఒక్క నిమిషం నాకు మా ఆయనంటే భయం వేసిందని చెప్పడానికి నాకిప్పుడేం మొహమాటం లేదు. ఆయన నెమ్మదిగా తన కుర్చీ తీసుకెళ్లి తల్లి పక్కన వేశారు. "కూర్చో అమ్మా" అన్నారు. తరవాత అంకుల్ వైపు తిరిగి, మాది పాతవాటిలో వేయండి అన్నారు.

"సరి సరి. పాత నాటకం అంటే మొదట ఆడినవాళ్ల పేరు చదవాలి కదా. పేరు ఏం చెప్పాలమ్మా?" అన్నారు అంకుల్.

ఆవిడ పేరు చెప్పింది, పుట్టింటి ఇంటిపేరుతో సహా. మావారు తన తల్లి నోట ఆ ఇంటిపేరు కలిపి ఆవిడ పేరు వినడం అదే మొదటిసారట.

ఉగాది నాడు హౌగాంగ్‌లో హాలు కిటకిటలాడింది. నేను తెర వెనక రంగు పూసుకుని, తెడ్డు పట్టుకుని నిలబడ్డాను. అంకుల్ ఆవిడ పేరు చదివారు. తెర సందులోంచి చూస్తే ఆవిడ ముందు వరసలో కొంగు సర్దుకుని నిటారుగా కూర్చుంది. చప్పట్లు మొదలైతే ఆవిడ చుట్టూ చూడలేదు, ఆ చప్పట్లు తనవేనని తెలిసిన మనిషిలా వేదిక వంకే చూస్తూ తీసుకుంది. నాటకం సాగింది. వన్స్‌మోర్ ఆవిడ చెప్పిన చోటే ఒకసారి వచ్చింది. ఇంకోచోట రాలేదు. మాకు బహుమతి రాలేదు, న్యాయంగానే రాలేదు. నాకు మూడో పాదంలో ఊపిరి చాలలేదు. గెలిచినవాళ్లు మాకంటే బాగా పాడారు. నాకు మళ్లీ ఎప్పుడూ వేషం ఇవ్వలేదు, అదీ న్యాయమే.

అప్పటికింకా హౌగాంగ్‌కు రైలు రాలేదు. బస్సులు మారి ఇంటికి వచ్చాం. మావారు తల్లి పక్కన కూర్చుని దారి పొడుగునా అడుగుతూనే ఉన్నారు. వేదిక మీద పడవ ఎలా కట్టారు, నీకు భయం వేయలేదా, మామయ్య తిట్టేవాడా, ఏ ఊళ్లో బాగా ఆడారు. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆయన ఎవరినైనా అన్ని ప్రశ్నలు అడగడం నేనెరగను. ఆవిడ ఒక్కొక్కటే చెబుతూ, మధ్యలో నావైపు తిరిగి, "మూడో పాదం నువ్వు తొందరపడ్డావమ్మాయ్" అని కూడా అంది.

ఇప్పుడు మా సంఘం చాలా పెద్దదైంది. మంచి హాళ్లు, మంచి మైకులు. పిల్లలు ముందే రికార్డు చేసిన పాటకు చక్కగా అభినయిస్తారు. వాళ్లను చూస్తే నాకు ముచ్చటే, మా కాలమే గొప్పదని గొణిగే రకం కాదు నేను. ఆనాటి అంకుల్ లేరు. ముందు ఆడినవాళ్ల పేరు చదివే ఆనవాయితీని, కార్యక్రమం ఆలస్యమవుతోందని నాలుగైదేళ్ల క్రితం తీసేశారు. మిగిలేది మహా అయితే ఒక నిమిషం. ఆ ఉగాది తరవాత మూడేళ్లకు మా అత్తగారు వెళ్లిపోయింది. ఆ రోజుల్లో ఆ ఒక్క నిమిషం లేకపోయుంటే, మావారు తన తల్లి ఎవరో తెలుసుకోకుండానే ఆవిడకు కొరివి పెట్టేవారు.